లోపమేమీ లేదని చెప్పింది నేనే

నేను ఒక చిన్న అల్యూమినియం డబ్బాను. అరచేతిలో పట్టేంత ఉంటాను. లోపల ఒక ఆకుపచ్చ పలక, దాని మీద చీమ తలకాయలంత టంకం చుక్కలు. మెకానిక్కులు నన్ను ఈసీయూ అంటారు. ఇంజనుకు ఎప్పుడు ఎంత డీజిలు అందాలో నిమిషనిమిషం లెక్క చూసి చెప్పేదాన్ని నేనే. మనుషులు కారు కొనేటప్పుడు రంగు చూస్తారు, సీట్లు నొక్కి చూస్తారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని, నేను చెడిపోయేదాకా ఎవరికీ తెలియదు.

నేను పుట్టిన కార్ఖానాలో నా పలక మీద ఒకచోట టంకం సరిగ్గా పట్టలేదు. వెంట్రుక కన్నా సన్నని పగులు. తనిఖీ చేసినవాళ్ల కంట అది పడలేదు. చల్లగా ఉన్నంతసేపు ఆ పగులు మూసుకునే ఉండేది. ఒళ్లు బాగా కాగితే విచ్చుకునేది. విచ్చుకున్న క్షణాన నాకు స్పృహ పోయేది. ఈ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది.

నన్ను బిగించిన కారును సాలూరులో సుభద్ర మేడమ్ కొనుక్కున్నారు. ఆడపిల్లల హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ల నొప్పులు. పెళ్లి చేసుకోలేదు. ఆమె కారు తోలడానికి దాలినాయుడు కుదిరాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు లారీ తోలినవాడు. పొద్దున్నే బానెట్ ఎత్తి, పొడిగుడ్డతో నా మూత కూడా తుడిచేవాడు. అదేమిటో తెలియకపోయినా తుడిచేవాడు. బండి మిట్ట ఎక్కేటప్పుడు గేరు మార్చే తీరులోనే తెలుస్తుంది, తోలేవాడికి బండి మీద ప్రేమ ఉందో లేదో. అతని చేతిలో నాకు ఏనాడూ తొందరపడాల్సిన అవసరం రాలేదు.

మేడమ్‌కు తల్లి చిన్నప్పుడే పోతే, పెంచి పెద్దచేసింది అక్క వసుంధర. ఆవిడ కోరాపుట్‌లో కొడుకు దగ్గర ఉండేది. ఒక మే నెలలో, పొద్దున పది గంటలకు ఆ కొడుకు దగ్గర్నుంచి ఫోను వచ్చింది. అమ్మకు బాగాలేదు, నిన్నే అడుగుతోంది, వెంటనే రా పిన్నీ అని. కారు కదిలాక అతనే ఫోనులో అక్కతో రెండు మాటలు మాట్లాడించాడు. ఇంజనుకూ సీట్లకూ మధ్య ఉన్న ఇనుప గోడ ఇవతల నాకు మేడమ్ మాటలే వినపడ్డాయి.

"వచ్చేస్తున్నానక్కా. దారిలోనే ఉన్నా. ఇంక మాట్లాడకు, ఆయాసపడకు. వచ్చాక చెబుదువుగాని."

ఘాటు రోడ్డు ఎక్కుతున్నాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ముందు లోడు లారీలు, వాటి వెనక మేము, ఇంజను వేడంతా నా మీదికే. నాలుగో మలుపు దగ్గర నా లోపల ఏదో విడిపోయినట్టయింది. అంతే. ఇంజను ఆగిపోయింది.

దాలినాయుడు బండిని పక్కకు దొర్లించి, చక్రానికి రాయి పెట్టి, బానెట్ ఎత్తాడు. బ్యాటరీ తీగలు బిగించి చూశాడు. ఫ్యూజులు తీసి చూశాడు. తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరగడమేగాని అంటుకోవడం లేదు. ఇంతలో పైకెళ్లే లారీ ఒకటి ఆగింది. క్యాబిన్‌లో చోటుంది, ఎక్కమన్నాడు దాని డ్రైవరు. మేడమ్ ఆ ఎత్తైన మెట్టు వంక చూశారు.

"నా మోకాళ్లతో ఎక్కగలనా నాయుడూ?"

"ఐదు నిమిసాలు ఆగండమ్మగోరు. ఇలగెప్పుడూ సెయ్యనేదు ఈ బండి. అంటుకుంటాది" అని, అతను లారీని పంపేశాడు.

ఐదు నిమిషాలు కాస్తా గంట అయింది. చివరికి లోయలోంచి గాలి వీచి, నా ఒళ్లు చల్లారి, పగులు మూసుకుంది. తాళం తిప్పగానే ఏమీ జరగనట్టు ఇంజను అంటుకుంది. మేము కోరాపుట్ చేరేసరికి వసుంధరగారు పోయి అరగంటయింది. "చిన్నీ వచ్చిందా, చిన్నీ వచ్చిందా" అని గుమ్మం వైపే చూస్తూ పోయిందట. చిన్నీ అంటే మేడమ్.

తిరిగివచ్చాక కారును మెకానిక్ కరీముల్లా షెడ్డుకు తెచ్చారు. కరీముల్లా మంచి పనివాడు. స్కానరు తీసి, దాని తీగ తెచ్చి తగిలించాడు. ఆ స్కానరు అడిగేది ఎవరినో తెలుసా? నన్నే. బండిలో ఏం లోపమని నన్నడుగుతుంది, నేను రాసి పెట్టుకున్నది చదివి చెబుతుంది. స్పృహ తప్పిన మనిషి, తప్పిన వేళ ఏం జరిగిందో ఏం రాసుకుంటుంది? నా దగ్గర ఏమీ లేదు. తెర మీద ఆ మాటే వచ్చింది.

"బండిలో లోపమేటీ నేదు మేడమ్" అన్నాడు కరీముల్లా. "గేరు సరిగ్గా ఎయ్యకపోయినా ఘాట్లో ఆగిపోతాయి ఒక్కోసారి."

దాలినాయుడు తలవంచుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్లకు పైగా స్టీరింగు పట్టిన చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాయి. మేడమ్ అతని వైపు చూడకుండా అన్నారు.

"మా అక్కను చూడనివ్వలేదు నువ్వు. రేపటినుంచి రాకు."

అతను తాళాలు బానెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మనుషులు తోటిమనిషి మాట కన్నా తెరమీద అక్షరాన్ని ఎక్కువ నమ్ముతారని నాకు ఆ రోజే తెలిసింది. నాకు నోరుంటే అప్పుడే అరిచి చెప్పేదాన్ని.

తర్వాత వచ్చిన డ్రైవరు ఊళ్లోనే తిప్పేవాడు. గుడికీ బజారుకీ తిరిగితే నాకు వేడెక్కదు. ఏడాది కావస్తుండగా మళ్లీ ఎండలు ముదిరాయి. ఏప్రిల్‌లో విజయనగరం వెళ్తూ రామభద్రపురం దగ్గర ఆగిపోయాను. వారం తిరక్కుండా మళ్లీ రెండుసార్లు. కరీముల్లా డీజిలు పంపు మార్చాడు, రిలేలు మార్చాడు, తీగలన్నీ వెతికాడు. చివరికి ఒక మధ్యాహ్నం, ఇంజను నడుస్తుండగా, ఇంట్లోంచి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు తెచ్చి నా మీదికి వేడిగాలి పట్టాడు. మూడు నిమిషాలకు ఇంజను ఆగింది. తడిగుడ్డ కప్పాడు. అంటుకుంది. మళ్లీ వేడి, మళ్లీ ఆగింది. సుభద్ర మేడమ్ కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు.

"ఇదే మేడమ్" అన్నాడు కరీముల్లా. నేల చూస్తూ, "ఆ రోజు కూడా ఇదే. నాయుడు తప్పు నేదు. నానే తొందరపడి అనీసినాను" అన్నాడు.

"దాన్ని ఊడదీశాక నాకివ్వు" అన్నారు మేడమ్.

కొత్త ఈసీయూ వచ్చింది. విశాఖపట్నం నుంచి ఒకతను ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, కారు తాళాన్ని అది గుర్తుపట్టేలా చేశాడు. నన్ను ఊడదీసి పక్కన పెట్టారు. మేడమ్ నన్ను గుడ్డసంచిలో వేసుకుని, ఆటో ఎక్కి దాలినాయుడి ఇంటికి బయల్దేరారు.

సాలూరులో లారీలకు బాడీలు కట్టే షెడ్లు చాలా ఉన్నాయి. దాలినాయుడు ఒక షెడ్డులో చెక్కలకు గరుకు కాగితం రుద్దే పనిలో ఉన్నాడు. ఘాట్లో బండి ఆపేసినవాడని పేరు పడ్డాక చాలామంది అతనికి తాళాలివ్వలేదు. ఇద్దరు పిలిచినా అతనే వెళ్లలేదని ఇంటి దగ్గర భార్య పైడమ్మ చెప్పింది. రాత్రుళ్లు నిద్రలో కూడా గేరు మారుస్తున్నట్టు చెయ్యి కదుపుతాడట.

మధ్యాహ్నం అన్నానికి వచ్చిన అతనికి మేడమ్ నన్ను చూపించారు. జరిగిందంతా చెప్పారు. అతను ఒళ్లంతా రంపంపొట్టుతో అలాగే నిలబడి, నన్ను చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"అయితే నాను సరిగ్గానే తోలేనన్నమాట" అన్నాడు.

"సరిగ్గానే తోలావు నాయుడూ. నేనే కాని మాట అన్నాను. నన్ను క్షమించు."

అతను అరుగు మీద కూలబడ్డాడు. పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడాదిబట్టీ అదే ఆలోసిస్తన్నానమ్మా. సెకండు గేరు ఎయ్యాల్సిన కాడ తర్డు ఎట్టీసినానేమో, క్లచ్చి తొందరగా ఒగ్గీసినానేమో అని. గుర్తొచ్చేది కాదు. ఎట్టీసే ఉంటాననుకున్నాను." నన్ను అరుగు మీద పెట్టి, "కానీ ఆ లారీని పంపీసింది మాత్రం నానే కదమ్మా" అన్నాడు.

"కాదు. ఎక్కలేనన్నది నేను. ఎత్తి ఎక్కించమని అడగడానికి సిగ్గుపడ్డాను. మా అక్క పోతుంటే నాకు సిగ్గు అడ్డమొచ్చింది నాయుడూ."

ఆ మాట ఆవిడ అంతవరకూ ఎవరితోనూ అని ఉండరు. పైడమ్మ మజ్జిగ తెచ్చిస్తే ఇద్దరూ తాగారు. మేడమ్ మళ్లీ పనికి రమ్మని అడిగితే, స్టీరింగు ముందు కూచుంటే చేతులు వణుకుతున్నాయమ్మా అన్నాడు. ఆవిడ రెండోసారి అడగలేదు.

నన్ను అక్కడే వదిలేసి వెళ్లారు. పైడమ్మకు నేను ఇంట్లో ఉండటం ఇష్టం లేదు. దాలినాయుడు నన్ను షెడ్డుకు తెచ్చి, మూల తుక్కు ఇనుము మీద పెట్టాడు. విసిరెయ్యలేదు, పెట్టాడు. తుక్కు కొనేవాళ్లు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. ఏడాదిగా నా మీద రంపంపొట్టు పడుతోంది. తుడిచేవాళ్లు లేరు, అవసరమూ లేదు.

ఇవాళ అతను పనికి రాలేదు. కోరాపుట్‌లో వసుంధరగారి రెండో ఏటి తద్దినమట. మేడమ్ కబురుపెడితే వెళ్లాడని పక్కన చెక్క కోస్తున్నవాళ్లు చెప్పుకుంటున్నారు. కారు ఇప్పుడు ఏ లోపమూ లేకుండా, కొత్త ఈసీయూతో, మేడమ్ ఇంటి ముందే ఉందట. వాళ్లిద్దరూ మాత్రం పక్కపక్క సీట్లలో బస్సులో వెళ్లారట.