జర్మనోళ్ల పార్టీ

ముందర గదిలోంచి మళ్లీ చాయ్ కేక వచ్చింది. రూప గిన్నె స్టవ్ మీద పెట్టి, పాలు చాలవని నీళ్లు కలిపింది. కలిపినట్టు ఎవరికీ తెలియదు. అక్కడ కూర్చున్నవాళ్లు చాయ్ తాగుతారు కానీ రుచి చూడరు. ఊరి సర్పంచ్ సీటు ఈసారి ఎస్సీ మహిళకు పడిందని తెలిసినప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. చెప్పులు గడప దాటి వాకిలి నిండా పరుచుకున్నాయి, ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి, ఎవరెవరి ఓట్లు ఎటో లెక్కలు తేలుతున్నాయి. సర్పంచ్ కాబోయే మనిషి మాత్రం వంటింట్లో అల్లం దంచుతోంది.

రూప మొగుడు ప్రేమ్‌సాగర్ తెలంగాణ ఉద్యమం నాటి నుంచి జెండా మోసినవాడే, అందులో అబద్ధం లేదు. రాష్ట్రం వచ్చాక మండలంలో పార్టీకి పెద్ద కార్యకర్త అయ్యాడు. సీటు తనదేనని ఏళ్ల తరబడి ఆశపడ్డాడు. తీరా వచ్చేసరికి అది ఆడవాళ్లకు పోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు పళ్లు తోముకుంటూ హుషారుగా వచ్చి, "రూపా, నువ్వు నిలబడుతున్నవ్" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. నిన్న ఫ్లెక్సీ కూడా అచ్చయి వచ్చింది. అందులో చేతులు జోడించి నిలువెత్తున ప్రేమ్‌సాగర్. మూల గుండ్రంలో పెళ్లి ఆల్బం నుంచి కత్తిరించిన రూప మొహం. కింద 'ప్రేమ్‌సాగరన్న సతీమణి' అని పెద్ద అక్షరాల్లో, రూప అని చిన్న అక్షరాల్లో. ఊళ్లో ఇది ఎవరికీ వింత కాదు. కిందటిసారి గెలిచిన వార్డు మెంబరమ్మను వార్డు మెంబర్ ఎవరమ్మా అని అడిగితే ఆమే మొగుడి పేరు చెప్పేది.

రూప కోస్గి డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెబుతుంది, గెస్ట్ లెక్చరర్‌గా. "గెస్టే గదా, ఇడిసిపెట్టు" అన్నాడు ప్రేమ్‌సాగర్. గెస్టు ఉద్యోగం సంగతి పోనీ. మంగళవారం హైదరాబాద్‌లో ఆమె పీహెచ్‌డీ వైవా. ఏళ్లకేళ్లు రాసింది. బిడ్డను పడుకోబెట్టి రాసింది, చుట్టాలకు అన్నాలు వండి రాసింది, అత్త దవాఖానలో ఉంటే మంచం పక్కన నేల మీద కూర్చుని రాసింది. ఆ ఒక్క రోజు ప్రొఫెసర్ల ముందు నిలబడి జవాబులు చెబితే అయిపోతుంది. ఇక గెస్ట్ అనే మాట పేరు ముందు నుంచి పోతుందని ఆమె ఆశ.

ఆమె రాసింది ఇటలీ ఉత్తరాన కొండల్లో ఉన్న ఒక ప్రాంతీయ పార్టీ గురించి. అక్కడివాళ్లు జర్మన్ మాట్లాడతారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ సీమ ఇటలీ చేతికి వచ్చింది. నియంత పాలన మొదలవగానే జర్మన్ బడులు మూశారు. రెండో యుద్ధం ముగిశాక తమ భాష, తమ బడి, తమ కొలువులు తామే చూసుకుంటామంటూ ఈ పార్టీ పుట్టింది. దేశం విడిచిపోకుండానే స్వయంపాలన సాధించుకుంది. "మన ఊర్ల పార్టీలే సాలకనా?" అని అత్తింట్లో నవ్వుతారు. రూపకు జర్మనీ మేడం అని పేరు పెట్టింది గాలయ్య, ప్రేమ్‌సాగర్ వెనకాల నీడలా తిరిగే మనిషి. ఒకసారి మీటింగ్‌లో ప్రేమ్‌సాగర్ మైక్ పట్టుకుని, "జర్మనీ దేశంల జర్మన్ మాట్లాడెటోళ్ల కోసం ఒక పార్టీ ఉన్నది, మనం గూడ గట్ల కొట్లాడాలె!" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇంటికొచ్చాక రూప, "జర్మనీల అందరు జర్మనే మాట్లాడుతరు, దానికి పార్టీ ఎందుకు? అది ఇటలీల" అంది. "నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా?" అని రెండు పూటలు మాట్లాడలేదు. ఆ నలుగురూ ఎవరంటే గాలయ్య ఒక్కడే.

ఆ పార్టీయే ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు. హాస్టల్లో చదివేటప్పుడు గట్ల, గిట్ల అన్నందుకు ఒక టీచరమ్మ రూపను బెంచీ ఎక్కించి, ఆ మాటలే మళ్లీ మళ్లీ అనిపించి క్లాసంతా నవ్వించింది. అమ్మ దగ్గర నేర్చుకున్న మాటకు సిగ్గుపడటం ఆ రోజు నేర్చుకుంది. చాలా ఏళ్ల తర్వాత లైబ్రరీలో ఒక పుస్తకం తిరగేస్తుంటే ఆ కొండల బడుల ముచ్చట కనిపించింది. బడులు మూసేస్తే పడుచువాళ్లు, ఎక్కువగా అమ్మాయిలే, వంటిళ్లలో, పశువుల కొట్టాల్లో, అటకల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని దొంగచాటుగా అమ్మ భాష నేర్పారు. అక్కడే ఆమెకు ఏడుపొచ్చింది. లైబ్రరీలో అందరూ చూస్తున్నారని పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

చాయ్ పొంగుతుండగా ఫోన్ మోగింది. గైడ్ రాంచందర్ సార్.

"శుభాకాంక్షలమ్మా రూపా. ప్రేమ్‌సాగర్ గారు పొద్దున ఫోన్ చేశారు. ఎలక్షన్ల వల్ల నువ్వే వైవా వద్దన్నావట. ఈ నెలాఖరుతో నీ గడువు అయిపోతుంది. మళ్లీ పర్మిషన్ దొరకడం కష్టం. వైవా తీసుకోవడానికి వచ్చే ప్రొఫెసర్‌కు వద్దని చెప్పేసే ముందు ఒకసారి అడుగుదామని చేశాను."

"నేను మళ్లీ చేస్త సార్" అని మాత్రం అనగలిగింది.

మూలన చిక్కుడుకాయలు తుంచుతున్న అత్త ఈదమ్మ తలెత్తింది. "ఏమైంది పిల్లా, మొఖం గట్ల పెట్టినవ్?"

రూప చెప్పింది. ఈదమ్మ పెద్దగా కదిలిపోలేదు. "వాడేం జేసినా ఇంటి కోసమే గదా" అంది. కాయ తుంచుతూనే, "గా జర్మనోళ్ల పార్టీల అంత ఏమున్నదే?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఈ ప్రశ్న ఇదే మొదటిసారి. రూప వంటింటి బడుల గురించి చెప్పింది. పట్టుబడ్డ ఆడపిల్లల్ని జైల్లో పెట్టారని, కొందరిని ఊళ్ల నుంచి వెళ్లగొట్టారని చెప్పింది.

"మరి పార్టీ వచ్చినంక గా పొల్లలకు ఏమిచ్చిన్రు?"

"నేను రాసినదాంట్ల అడిగింది గదే అత్తమ్మా. నేను చదివిన చరిత్రలల్ల లీడర్ల పేర్లు పేజీలు పేజీలున్నయ్. వీళ్ల ముచ్చట రెండు మూడు లైన్లే."

ఈదమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టింది. "రాష్ట్రం కోసం వంటావార్పు జేసినప్పుడు మేం రోడ్డు మీద పొయ్యిలు పెడితిమి. నేను, బుచ్చమ్మ, మా చెల్లె, ఇంకెంతమందిమో. పోలీసోళ్లు పొయ్యి మీది గంజు తంతె ఉడుకుడుకు గంజి నా కాలు మీద వడ్డది. నీ మొగడు మైకుల మాట్లాడిండు. పేపర్ల ఆని ఫోటో వచ్చింది. నాది చెయ్యి వచ్చింది, గంటె వట్టుకున్న చెయ్యి."

ఆ ఫోటో ముందర గదిలో ఫ్రేములో ఉంది. పెళ్లై వచ్చినప్పటి నుంచి వారం వారం రూపే దాని దుమ్ము తుడుస్తోంది. మైకు ముందు ఎగిసిన ప్రేమ్‌సాగర్ పిడికిలి, ఫోటో అంచున ఎవరిదో నల్లటి చెయ్యి. ఎవరిదని ఆమె కూడా ఒక్కనాడు అడగలేదు. పరాయి దేశపు వంటిళ్లలో ఆడవాళ్లను వెతుక్కుంటూ ఏళ్లు తిరిగింది, తన వంటింట్లో మనిషిని అడగలేదు. సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం కూడా వచ్చింది, తన మీదా, ఆ ఫ్రేము మీదా.

"అత్తమ్మా, మరి నేనేం జెయ్యాలె?"

"ఏం జేస్తవ్? నామినేషన్ కాయితాల మీద సంతకం పెట్టు. లొల్లి ఎందుకు?" ఈదమ్మ మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. "పో, చాయ్ సల్లారుతాంది."

రూప ట్రే పట్టుకుని వెళ్లింది. గాలయ్య లేచి, "వదినె, బండి వచ్చింది. పట్టుచీర కట్టుకో, నామినేషన్ ఏసొద్దాం" అన్నాడు. ప్రేమ్‌సాగర్ పెన్ను మూత తీసి, కాగితాల మీద పెట్టి ముందుకు జరిపాడు.

"సార్‌కు ఫోన్ జేసినవా?" అంది రూప.

"చేసిన. మంగళవారం మన ప్రచారం ఉన్నది. చదువు ఏడికి వోతది? సీటు పోతే మళ్ల వస్తదా?"

"నేను వద్దన్న అని చెప్పినవట."

"నువ్వన్నా నేనన్నా ఒకటే గదా." కూర్చున్నవాళ్లకేసి చూసి నవ్వాడు. వాళ్లూ నవ్వారు.

"గెలిచినంక గూడ గిట్లనేనా? నా బదులు నువ్వే మాట్లాడుతవా?"

"మరి? నీకేం ఫికర్ లేదు. ఐదేండ్లు నువ్వు పంచాయతీ ఆఫీస్ మొఖం సూడాల్సిన పనే లేదు. అన్నీ నేను సూసుకుంట." నిజంగా ప్రేమతోనే అన్నాడు. అదే ఆమెను భయపెట్టింది. తిట్టి ఉంటే ఎదురు తిరగడం సులువు. వైవా ఆపినందుకన్నా, ఆపింది రూపే అని చెప్పినందుకే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. తను నోరు విప్పని పొద్దున తన మాట హైదరాబాద్ వెళ్లొచ్చింది. రేపు ఊరి గ్రామసభలో, ఎమ్మార్వో ఆఫీసులో, ఎక్కడపడితే అక్కడ రూప ఇట్లా అంది, రూప ఇట్లా కావాలంది అని ఆ గొంతు తిరుగుతూనే ఉంటుంది. రూప మాత్రం ఇక్కడ పాలలో నీళ్లు కలుపుతూ ఉంటుంది. సర్పంచ్ అవడం ఆమెకు ఇష్టం లేక కాదు. ఎవరైనా అడిగి ఉంటే ఏమనేదో ఆమెకే తెలియదు.

ట్రే కింద పెట్టింది. పెన్ను మూత వెతికి పెన్నుకు పెట్టేసింది. "నేను సంతకం పెట్ట" అంది, మామూలుగానే.

"ఏందే నీ లొల్లి, మంది ముందట?" ప్రేమ్‌సాగర్ గొంతు మారింది. గాలయ్య చాయ్ గ్లాసు అందుకోబోయి ఆగిపోయాడు. వంటింట్లో చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. రూప ఫోన్ తీసి సార్ నంబరు నొక్కింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

"చెప్పమ్మా" అన్నాడు రాంచందర్ సార్.

"సార్, పొద్దున నా మాట అని మీకు చెప్పింది మా ఆయన మాట. నా మాట ఇప్పుడు చెప్తున్న, వినుండ్రి. మంగళవారం నేను వస్తున్న."