ఆరు వందల పన్నెండు గజాల లైల్

డ్రైఫోర్క్‌లో స్కూలు బస్సు నడిపేది వెర్నా టిండల్. పొద్దున్నే పిల్లల్ని బళ్లో దింపేసి, కాఫీ ఫ్లాస్కు చంకలో పెట్టుకుని ఓర్విల్ తుపాకుల కొట్టుకి నడిచి వెళ్లడం ఆమెకి అలవాటు. కొనేదేమీ ఉండదు. పొయ్యి పక్కన కూర్చుని, ఎవరి ట్రక్కు ఏ వాగులో దిగబడిందో, ఎవరికి ఏ లోయలో వేట పర్మిట్ తగిలిందో విని, మధ్యాహ్నం బస్సు వేళకి లేచిపోతుంది. ఆ అక్టోబరు పొద్దున మాత్రం కొనడానికే వచ్చింది.

మా వయోమింగ్‌లో వేటకి తుపాకీ ఒక్కటీ ఉంటే చాలదు, లాటరీలో పర్మిట్ తగలాలి. అందులోనూ విల్లో లోయలో పోతు ఎల్క్‌ని కొట్టే పర్మిట్ అంటే మాటలా! గుర్రమంత దుప్పి, తల మీద చెట్టంత కొమ్ములు. వెర్నా, ఆమె మొగుడు లైల్ కలిసి ఏళ్ల తరబడి దరఖాస్తు పెట్టారు. తగులుతుందన్న ధీమాతో లైల్ వాకిలి గుమ్మం మీద కొమ్ములు తగిలించడానికి పెద్ద మేకు కూడా కొట్టి ఉంచాడు. మూడేళ్ల కిందట వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పోస్తూ, పార చేతిలో ఉండగానే పోయాడు. మేకు అలాగే ఉండిపోయింది. పర్మిట్ ఈ ఏడు వచ్చింది. ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఈ జన్మకి రాదు.

"ఈ పోతుని కొట్టి తీరాలి ఓర్విల్," అంది వెర్నా. "ఆ ఖాళీ మేకు కింద నుంచి లోపలికీ బయటికీ తిరగలేక చస్తున్నాను."

ఓర్విల్‌ది తల పండిన వయసు. కొట్టులో ఉన్నదాన్ని పొగిడే అలవాటు లేదు, అందుకే ఊరంతా అతని దగ్గరే కొంటారు. "పాత బైనాక్యులర్ ఏమైందమ్మాయ్?" అన్నాడు.

"లైల్‌దేగా. వాగు దాటుతుంటే గుర్రం మీంచి జారి నీళ్లలో పడింది. లోపల ఆవిరి పట్టింది, అంకె కనపడదు."

ఓర్విల్ బల్ల మీద రెండు బైనాక్యులర్లు పెట్టాడు. రెండూ దూరం చెప్పేవే. మీట నొక్కితే సన్నటి కాంతి వెళ్లి ఎదుటి దాన్ని తాకి వెనక్కొస్తుంది, ఎన్ని గజాలో కంటి ముందు ఎర్రగా వెలుగుతుంది. ఒకటి కొత్త మోడల్, నాజూగ్గా ఉంది. రెండోది పోయినేటిది, బరువు, మెడలో వేసుకుంటే ఎద్దుకి కాడి వేసినట్టుంటుంది.

అప్పుడే కుంటుకుంటూ రాయిస్ వచ్చాడు. లైల్ తమ్ముడు. మోకాలు చిప్ప మార్పించుకున్నా ఊరికే ఉండే రకం కాదు. వదిన కొనబోతోందని ఎవరో చెప్పగానే ఊడిపడ్డాడు.

"ఇందులో ఆలోచించేదేముంది వదినా? ఇదిగో, ఈ కొత్తది. నేను రెండేళ్లుగా వాడుతున్నది ఇదే కంపెనీది. మీట నొక్కావా, అంకె వచ్చిందా, కాల్చావా, అంతే. మధ్యలో ఎవడూ రాడు."

"ఎవడూ అంటే?"

"ఎవడో నీకు తెలీదా? మూడేళ్ల నుంచి నిన్ను ఉత్త చేతుల్తో ఇంటికి పంపిస్తున్నవాడు!"

నిజమే మరి. మూడు శరత్తులూ ఆమె సులువుగా దొరికే ఆడ ఎల్క్ పర్మిట్‌తో కొండెక్కింది. మందని చూసి మీట నొక్కితే ప్రతిసారీ ఒకటే అంకె, ఆరు వందల పన్నెండు. మంద ఎనిమిది వందల్లో ఉన్నా అదే, తొమ్మిది వందల్లో ఉన్నా అదే. ఎందుకంటే మంద కంటే ఇవతల లైల్ నిలబడి ఉండేవాడు, గోధుమరంగు కోటు, నెత్తిన టోపీ. దూరం తెలియకుండా అంత దూరాన్ని కాలిస్తే గుండు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. గాయపడ్డ జంతువుని వదిలిపెట్టే మనిషి కాదు వెర్నా, అందుకే దిగి వచ్చేసేది.

"బతికున్నన్నాళ్లూ నే తుపాకీ ఎత్తగానే తుమ్మేవాడు," అన్నాడు రాయిస్. "చచ్చి కూడా మానలేదు, వెధవ."

"ఒరేయ్, అన్నని పట్టుకుని ఆ మాటలేంటి?" కసిరాడు ఓర్విల్. తర్వాత వెర్నా వైపు తిరిగాడు. "వాడు చెప్పేది అబద్ధం కాదమ్మాయ్. ఇది వడకట్టేస్తుంది. పొద అడ్డొచ్చినా, మంచు కురుస్తున్నా, పోయినవాళ్లు నిలబడ్డా, అన్నీ వదిలేసి వెనకున్న జంతువు దూరం చెబుతుంది. ఈ బరువుదేమో దారిలో తగిలినదల్లా చెబుతుంది. ఎంచుకోవాల్సింది నువ్వు. వెనక్కి పద."

డ్రైఫోర్క్‌లో దూరం చెప్పే బైనాక్యులర్లు కొనేవాళ్లు ఓర్విల్ కొట్టు వెనక అరుగు మీదికి వెళ్లి, ఎదురుగా ఉన్న బోడికొండ మీద తమవాళ్లని చూసుకోకుండా కొనరు. ఎవరికి వాళ్ల వాళ్లే కనిపిస్తారు. ఒక్కొక్కరిదీ ఒక్కో దూరం. ఎక్కడి నుంచి చూసినా, ఎటు తిరిగి చూసినా ఆ దూరం మారదు. పిల్లలకి వరస చెప్పినట్టు, తాతయ్య నాలుగు వందల నలభై, పిన్ని తొమ్మిది వందల ఆరు అని చెప్పుకుంటారు ఇళ్లలో. ఆ లెక్క ఎందుకో మాత్రం ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తరు.

వెర్నా ముందు కొత్తది ఎత్తింది. అబ్బ, ఎంత శుభ్రంగా ఉందో! రాయి మీద పాచి కూడా కనిపిస్తోంది. మీట నొక్కితే చిటికెలో అంకె. ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. రాళ్లు, ఎండిన గడ్డి, మళ్లీ రాళ్లు. కొండ మీద ఒక్క ప్రాణి లేదు. ఆ ఖాళీ చూస్తుంటే ఇంటికొచ్చి తలుపు తీసేసరికి సామానంతా ఎవరో ఎత్తుకుపోయినట్టు అనిపించింది ఆమెకి. గబుక్కున దించేసింది.

రెండోది ఎత్తింది. చేతులు లాగుతున్నాయి బరువుకి. చక్రం తిప్పి సరిచేసుకునేసరికి లైల్ ఉన్నాడు.

గడ్డి గాలికి ఊగుతోంది, అతని కోటు అంచు ఊగడం లేదు. పొద్దుటి ఎండకి రాళ్ల నీడలు పడమటికి పడ్డాయి, అతనికి నీడ లేదు. టోపీ కింద మొహం మసగ్గా ఉంది, చూపు మాత్రం సూటిగా ఇటే ఉంది. బతికున్నప్పుడు కూడా అతను టోపీ తియ్యడం ఎవరూ చూడలేదు. పెళ్లినాడు చర్చిలో పాస్టరు గారు రెండుసార్లు దగ్గినా తియ్యలేదు. తీసేది ఒక్క వేటలోనే, అదీ ఒక్క కారణానికే. మావాళ్లు కొండ మీద ఒకరికొకరు టోపీతో సైగ చేసుకుంటారు. ఎడమకి ఊపితే జంతువు ఎడమకి వెళ్లింది, కుడికి ఊపితే కుడికి. తీసి గుండెకి ఆనించుకుంటే, కాల్చకు, వెనక మనిషున్నాడు.

వెర్నా మీట నొక్కింది. ఆరు వందల పన్నెండు.

లోపలికొచ్చి, "ఇది ఇవ్వు," అంది.

"మతి పోయిందా వదినా?" రాయిస్ నెత్తి కొట్టుకున్నాడు. "జన్మకొక్క పర్మిట్! మళ్లీ ఉత్త చేతుల్తో వస్తావా? మళ్లీ ఆ మేకు కింద కూర్చుని ఏడుస్తావా?"

"ఏడిస్తే ఏడుస్తాను. నా మొగుణ్ణి వడకట్టించుకోడానికి నేనేం కాఫీ కాచుకోవడం లేదు. అది సరే, ఈ రెండేళ్లలో మీ అన్నని ఒక్కసారైనా చూశావా నువ్వు?"

"ఏముంది చూడ్డానికి? యాభై ఏళ్లు చూశాగా," అన్నాడు రాయిస్. అని, పొయ్యిలో కట్టె సర్దే నెపంతో అటు తిరిగాడు.

ఓర్విల్ ఆ బరువుదాన్ని పెట్టెలో పెట్టి ఇస్తూ గొంతు తగ్గించాడు. "మా అమ్మ దూరం ఎందుకో నాకు తెలిసింది అమ్మాయ్. తెలిశాక ఇంక కనపళ్లేదు. కాబట్టి చూడగలిగినన్నాళ్లు చూసుకో." అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

సెలవు పెట్టి, బస్సు తాళాలు ఇంకొకరికి ఇచ్చి, వెర్నా విల్లో లోయకి వెళ్లింది. రాయిస్ తోడు వచ్చాడు. మోకాలితో కొండ ఎక్కలేడు కాబట్టి కింద ట్రక్కు దగ్గర గుర్రాల్ని చూసుకుంటానన్నాడు. "తుపాకీ మోత వినపడితే గుర్రాల్ని తోలుకొస్తాను, లేకపోతే సూప్ కాచి ఉంచుతాను," అన్నాడు నవ్వుతూ.

కానీ రాయిస్ ఊరుకుంటాడా? పొద్దున్నంతా ట్రక్కులో కూర్చుని లెక్క వేశాడు. లైల్ ఎప్పుడూ ఆరు వందల పన్నెండులోనే ఉంటాడు. మంద దానికి అవతల ఉండబట్టేగా అడ్డం. పోతుని ఇవతలికి తోలితే? అప్పుడు లైల్ వెనకైపోతాడు, వదినకి అంకె దొరుకుతుంది. ఈ ఆలోచన రాగానే అతనికి కూర్చోబుద్ధి కాలేదు. వేసుకుందామని తీసిన నారింజరంగు చొక్కా సీటు మీదే మరిచిపోయి, కర్ర పట్టుకుని, పోతు మేసే వాలు వెనక నుంచి చుట్టు తిరిగి బయల్దేరాడు. మనిషని దూరానికే తెలిసే ఆ రంగు చొక్కా లేకుండా వేటలో పొదల్లోకి వెళ్లకూడదని మా ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆత్రం ముందు తెలివి పనిచెయ్యదు కదా.

ఇవతలి గట్టు మీద వెర్నా సంచీ మీద తుపాకీ ఆనించి, బోర్లా పడుకుని ఉంది. ఎదుటి వాలు నిండా నడుమెత్తు పొదలు. లోయలో గాలి ఆగిపోయింది. పిట్ట అరుపు కూడా లేదు. అంత నిశ్శబ్దం ఆమె ఆ లోయలో ఎన్నడూ వినలేదు.

పోతు బయటికి వచ్చింది. పొదల్లోంచి ముందు కొమ్ములు, తర్వాత మెడ, తర్వాత ఒళ్లంతా. ఏదో వెనక నుంచి అదిలించినట్టు నాలుగడుగులు గబగబా వేసి, ఆగి, పక్కకి తిరిగి నిలబడింది. వెర్నా బైనాక్యులర్ ఎత్తి మీట నొక్కింది.

ఐదు వందల ఎనభై.

మళ్లీ నొక్కింది. ఐదు వందల ఎనభై. ఓరి దేవుడా! మూడేళ్లలో మొదటిసారి ఆరు వందల పన్నెండు కాని అంకె. లైల్ అడ్డం లేడు. ఎండాకాలమంతా ఆమె పాత క్వారీలో ఇంచుమించు ఆ దూరానికే కాల్చి కాల్చి భుజం కమిలించుకుంది. ఈ దెబ్బ తప్పదు. బైనాక్యులర్ దించి తుపాకీకి చెంప ఆనించింది. గురి సరిగ్గా ముందుకాలి వెనక కుదిరింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

అప్పుడు ఆమెకి బుద్ధి పుట్టింది, ఒక్కసారి లైల్‌ని చూసి కాలుస్తానని. ఇన్నేళ్లు ఇద్దరూ కలిసి అడిగిన పోతు. అతను చూస్తుండగా కొట్టాలి. ఎక్కడున్నాడో ఏమో! మళ్లీ బైనాక్యులర్ ఎత్తింది.

పోతుకి సరిగ్గా వెనక ఉన్నాడు లైల్. పొదల్లో నడుం దాకా దిగి నిలబడ్డాడు. ఆమె ముందు గుర్తుపట్టలేదు. బట్టతల తెల్లగా మెరుస్తోంది. టోపీ తీసేశాడు. తీసి, రెండు చేతుల్తో గుండెకి అదుముకున్నాడు. మొదటిసారి అతని మొహం స్పష్టంగా కనిపించింది. నోరు తెరిచి ఉంది. ఏదో అరుస్తున్నాడు, చప్పుడు లేదు.

"తప్పుకో," అంది వెర్నా. "లైల్, నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్కసారికి తప్పుకో."

అతను కదల్లేదు. పోతు చెవులు రిక్కించింది. ఇంకో రెండు క్షణాలు నిలబడుతుంది, అంతే. వెర్నాకి ఏడుపు తన్నుకొచ్చింది. తుపాకీలోంచి గుండు తీసి గడ్డి మీద పెట్టేసింది.

పోతు ఒక్క దూకులో గట్టు దాటిపోయింది. అది నిలబడ్డ చోటికి వెనక, సరిగ్గా లైల్ ఉన్నచోట, లైల్ ఒంట్లోంచే లేచినట్టు ఇంకో మనిషి లేచాడు. ఒక్క క్షణం రెండు మొహాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, ఒకే ముక్కు, ఒకే గడ్డం. తర్వాత ఒక్కటే మిగిలింది. కర్ర ఊతంగా పట్టుకుని, మోకాలు రుద్దుకుంటూ, పోయిన పోతు వైపు చూసి తిట్టుకుంటున్న రాయిస్.

వెర్నా అటే చూస్తూ మీట నొక్కింది. ఆరు వందల పన్నెండు.

రాయిస్ లోయ దాటి రావడానికి చాలాసేపు పట్టింది. వస్తూనే మొదలుపెట్టాడు. "కాల్చలేదేం వదినా? ప్రాణం పెట్టి తోలుకొచ్చానే! కళ్లెదురుగా నిలబెట్టానే! మళ్లీ వాడే అడ్డం వచ్చాడా?"

"వాడు కాదు," అంది వెర్నా. "అడ్డం వచ్చింది నువ్వు."

రాయిస్ తన ఒంటి మీద గోధుమరంగు కోటు చూసుకున్నాడు. నారింజ చొక్కా ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి తాను లేచిన చోటు చూశాడు, వదిన తుపాకీ ఉన్న చోటు చూశాడు. "ఎంత దూరం?" అన్నాడు. ఆమె చెప్పింది. అతను గడ్డి మీద కూలబడ్డాడు. వెర్నా తన టోపీతో వాడి వీపు మీద ఎడాపెడా బాది, బాది, చివరికి వాడి మెడ కావిలించుకుని భోరుమంది.

కాసేపటికి రాయిస్ కళ్లు తుడుచుకుని చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు వదినా. ఒక్కసారి మా అన్నని చూడనీ. ఒక్క దండం పెట్టుకుంటాను."

దూరం ఎందుకో తెలిశాక ఇంక కనపడరని ఓర్విల్ చెప్పిన మాట వెర్నాకి గుర్తుంది. అయినా మెడలోంచి తీసి ఇచ్చింది. రాయిస్ ఎదుటి వాలంతా ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా వెతికాడు. మీట నొక్కాడు, చక్రం తిప్పాడు, అద్దాలు చొక్కాతో తుడిచి మళ్లీ నొక్కాడు. పొదల దూరం చెబుతోంది, రాళ్ల దూరం చెబుతోంది.

"బరువుగా ఉంది కదూ, చెయ్యి కుదరడం లేదు," అన్నాడు. "ఎక్కడ వదినా? ఎటు చూడమంటావు?"

"చూస్తూ ఉండు," అంది వెర్నా.