ఆదివారం ట్రేలు

మా తమ్ముడు లాజరోస్‌కి రొట్టె కాల్చడం వచ్చు, షాపు నడపడం రాదు. ఈ మాట వాడి మొహం మీదే ఇరవై ఏళ్ళుగా అంటున్నాను, వాడూ ఇరవై ఏళ్ళుగా నవ్వి ఊరుకుంటున్నాడు. ఆ చలికాలం మాత్రం నవ్వలేదు. గ్రీస్‌లో మా ఊరు నౌసాలో మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఇరవై ఆరేళ్ళు నేను సూపర్‌వైజర్‌గా పనిచేసిన నూలు మిల్లూ పోయింది. జీతాలు లేని ఊళ్ళో రొట్టెని కూడా ఆచితూచి కొంటారు.

"ఈస్టర్ దాకా చూస్తానక్కా. అప్పటికీ ఇలాగే ఉంటే బట్టీ ఆర్పేస్తా" అన్నాడు.

మా నాన్న వెలిగించిన బట్టీ అది. "ఆర్పడం తరవాత సంగతి. ముందు ఆ స్టూలు ఇటు జరుపు, కూర్చుని చూస్తాను" అన్నాను.

వారం రోజులు కూర్చుని చూశాను. పిండి బస్తాలు వెనక గదిలో, పిండి కలిపే యంత్రం ముందు గదిలో. రోజుకి ముప్పైసార్లు అటూ ఇటూ తిరుగుతున్నాడు. "నువ్వు రొట్టెలు చేస్తున్నావా, ప్రదక్షిణలు చేస్తున్నావా?" అని బస్తాలు ముందుకి లాగించాను. తొమ్మిది రకాల రొట్టెలు చేస్తున్నాడు, అమ్ముడుపోయేవి నాలుగు. మిగతా ఐదూ ఆపించాను. మిగిలిన రొట్టెల్ని ముక్కలు కోయించి, చల్లారే బట్టీలో ఎండబెట్టించి, సంచుల్లో కట్టి అమ్మించాను. వాడు సణిగాడు. సణగనీ. మిల్లులో నా అడుగుల చప్పుడు వింటే మగవాళ్ళు సిగరెట్లు పారేసేవాళ్ళు, వీడెంత!

కానీ షాపుని నిజంగా నిలబెట్టినవి ఆదివారం ట్రేలు. మా దగ్గర ఆడవాళ్ళు చర్చికి వెళ్తూ వెళ్తూ మాంసం, బంగాళదుంపలు సర్దిన ట్రే మీద ఫాయిల్ కాగితం కప్పి రొట్టెల షాపులో ఇచ్చేసి, ప్రార్థన అయ్యాక వేడివేడిగా పట్టుకుపోతారు. ఇది తాతల నాటి అలవాటు. కరెంటు బిల్లులోనే ఇంటి పన్ను కూడా కలిపేశాక సొంత ఓవెన్ ముట్టుకోవాలంటేనే జనానికి భయం పట్టుకుంది. దాంతో పదిహేను ట్రేలు కాస్తా నలభై అయ్యాయి. ట్రే తెచ్చినావిడ రొట్టె కొనకుండా పోదు, ఆ అలవాటుతో వారమంతా మా దగ్గరికే వస్తుంది.

అయితే అదంతా సంతే. ఒకరి మాంసం పచ్చి, ఇంకొకరి దుంపలు మాడు. ఒకసారి రెండు ట్రేలు తారుమారై రెండు కుటుంబాలు మాటలు మానేశాయి. నేను మిల్లులోలాగే నంబర్ల బిళ్ళలు తెచ్చాను. ముప్పావు గంటవి బట్టీలో ముందు వరుస, గంటవి మధ్య, రెండు గంటల మాంసం వెనక. పని నూలు తీసినట్టు సాగింది. నా భుజం నేనే తట్టుకున్నాను, తట్టడానికి ఇంకెవరున్నారు?

ఒక్కటే చిరాకు. లాజరోస్ వెనక వరుసలోవి కొన్ని గంట కాకముందే చెక్కపారతో లాగేసి పక్కన పెట్టేవాడు.

"మాంసం అని రాసుంది కదరా! ఎందుకు తీశావ్?"

"నాకు తెలుసులే అక్కా."

"ఏం తెలుసు నీ మొహం! నా వరుసలన్నీ పాడుచేస్తున్నావ్."

వాడు మెడ గోక్కున్నాడు. నోట్లో ముద్ద ఉన్నట్టు ఏదో గొణిగాడు. జనం ఒకటి చెప్పి ఒకటి తెస్తున్నారన్నమాట, అనుకున్నాను. మిల్లులో అయితే ఏం చేసేదాన్ని? సరుకు విప్పి చూసేదాన్ని. అందుకని ఆ ఆదివారం కొత్త రూలు పెట్టాను. కౌంటర్ దగ్గర ఫాయిల్ ఎత్తాలి, లోపలిది నేను చూసి రాసుకోవాలి.

"వద్దక్కా" అన్నాడు వాడు.

"ఎందుకొద్దు?"

చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బావుండేది!

తలుపు దాకా వరుస. మొదటి ఆరేడుగురివీ సాఫీగా అయిపోయాయి. తరవాత ఎవ్లాంబియా టీచర్ వచ్చింది. మాకందరికీ రెండో తరగతిలో లెక్కలు చెప్పిన మనిషి. డెబ్భై దాటినా నిటారుగా నడుస్తుంది. ఇస్త్రీ కోటు, మెడ దగ్గర ముత్యం పిన్ను.

"మేకపిల్ల తొడ. రెండు గంటలు" అంది.

"ఒక్కసారి ఎత్తుతాను టీచర్ గారూ."

"అక్కర్లేదమ్మా."

"రూలంటే రూలే. మీరు నేర్పించిందే కదా!" అని నవ్వుతూ ఫాయిల్ లాగేశాను.

బంగాళదుంపలు. నిమ్మరసం, వాము వాసన. వాటి మధ్యలో బోర్లించిన ఒక టీ గిన్నె. పైనుంచి చూస్తే తొడ ఉన్నట్టు ఫాయిల్ ఎత్తుగా కనపడటానికి పెట్టుకుంది.

షాపంతా చూసింది. నా చేతిలో ఫాయిల్ అలాగే ఉండిపోయింది. ఆవిడ వెనకాలే ఉన్న వర్వారా, మాంసం కొట్టు పెరిక్లిస్ భార్య, మెడ సాచి చూసి పకాలున నవ్వింది. "ఏంటి టీచరమ్మా, ఈస్టర్ ఉపవాసాలకి ఇంకా నాలుగు వారాల టైముంది కదా, అప్పుడే మొదలెట్టేశారా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. టీచర్ మొహంలో రంగు మారలేదు. "అయితే ముప్పావు గంట చాలు" అని చెప్పి వెళ్ళిపోయింది. ప్రార్థన అయ్యాక అందరూ వచ్చారు గానీ, ఆవిడ ట్రే కోసం రాలేదు.

జనం వెళ్ళాక లాజరోస్ చెక్కపార నేలకేసి కొట్టాడు. వాడికి అంత కోపం వస్తుందని నాకు అప్పటిదాకా తెలీదు.

"చాలా సంతోషమా అక్కా? కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, అందరూ ఆవిడ పెన్షన్ మీదే బతుకుతున్నారు. ఆ పెన్షన్‌లోనూ కోత పెట్టారు. ఇలాంటి ట్రేలు వారానికి పది వస్తాయి. పార మీద ఎత్తితే బరువు తెలీదా నాకు? అందుకే దుంపలు మాడకుండా ముందే తీసి, అందరివీ తీసేదాకా పక్కన పెడతా."

"మరి నాకు చెప్పి చావొచ్చు కదరా!"

"అది చెప్పే మాటా?"

నా తప్పేనని నాకు ఆ క్షణమే తెలిసింది. తెలిసినా ఒప్పుకునే పుట్టుక కాదు నాది. "రూలు అందరికీ ఒకటే, నేనేం ఆవిణ్ణి ఒక్కదాన్నే పట్టుకున్నానా?" అని వారమంతా వాడితో వాదించాను.

తరవాతి ఆదివారం తొమ్మిది ట్రేలు వచ్చాయి. తొమ్మిదే. మాంసం ఉన్నవాళ్ళూ రాలేదు. వచ్చేవారం తమ ట్రేలో ఏముంటుందో ఎవరికి తెలుసు! ట్రే రాకపోతే రొట్టె కూడా పోదు. సోమవారం సగం రొట్టెలు అలాగే ఉండిపోయాయి. మంగళవారం లాజరోస్ పిండి యంత్రాన్ని తడిగుడ్డతో మెల్లగా తుడిచి, "దీన్ని ఎవరైనా కొంటారంటావా అక్కా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది.

టీచర్ వదిలేసిన ట్రే తోమి, చంకలో పెట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడే తలుపు తీసింది. చలికి ఇంట్లో కూడా కోటు వేసుకునే ఉంది. లోపలికి రమ్మనలేదు.

"టీచర్ గారూ, నాది తప్పు. నోరు ఎంత పెద్దదో బుద్ధి అంత చిన్నది. నలుగురిలో మీ పరువు తీశాను. ఎలా క్షమాపణ అడగాలో కూడా తెలీడం లేదు" అన్నాను. యాభై ఎనిమిదేళ్ళ దాన్ని, రెండో తరగతి పిల్లలా గుమ్మంలో నిలబడి ఏడ్చాను.

ఆవిడ ట్రే అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగా తోమావు" అంది. తరవాత అడిగింది. "అసలు నీకు తెలియాల్సిందేమిటి? ఏముందనా?"

"ఏ వరుసలో పెట్టాలో తెలియాలి."

"అంటే ఎంతసేపో తెలియాలి. మరి అదే అడగొచ్చు కదా? ప్రశ్న తప్పుగా వేస్తే పిల్లలు అబద్ధాలే చెప్తారు స్టమాటియా. నలభై ఏళ్ళు చూశాను."

ఇంత చిన్న సంగతి!

"ఇప్పుడు అడుగుతాను టీచర్ గారూ. కానీ అడగడానికి జనం రావాలి కదా. తమ్ముడు యంత్రం అమ్మేస్తానంటున్నాడు."

ఆవిడ తలుపు వేసుకుంది.

ఆదివారం కౌంటర్ మీద బిళ్ళలు పేర్చుకుని కూర్చున్నాను. చర్చి గంట మోగింది. నాలుగు ట్రేలు వచ్చాయి, నలుగురినీ ఎంతసేపని మాత్రమే అడిగాను. చాలామంది వీధి అవతల, చర్చి మెట్ల దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు. కొందరి చేతుల్లో ట్రేలున్నాయి. ఇటు రావాలా, ఇంటికి పోవాలా అన్నట్టున్నారు. వాళ్ళలో వర్వారా కూడా ఉంది. లాజరోస్ బట్టీ దగ్గర నుంచి కదల్లేదు.

అప్పుడు టీచర్ వాళ్ళ మధ్య నుంచే నడుచుకుంటూ వచ్చింది. ఇస్త్రీ కోటు, ముత్యం పిన్ను, చేతుల్లో ట్రే. తలుపు తెరిచే ఉంది. ట్రే కౌంటర్ మీద పెట్టింది. నా చేతులు ఒళ్ళోంచి పైకి రాలేదు.

"ఎంతసేపు టీచర్ గారూ?"

ఆవిడ నావైపు చూడలేదు. వీధి వైపు తిరిగి, తరగతి గదిలో చివరి బెంచీకి వినపడేటట్టు చెప్పింది.

"ముప్పావు గంట."

బిళ్ళ ఇచ్చాను. తరవాత వర్వారా వీధి దాటింది. ఊళ్ళో అందరికంటే పెద్ద ట్రే ఆవిడది, ఫాయిల్ గోపురంలా లేచి ఉంది. నన్ను చూడలేదు, టీచర్ పక్కన వచ్చి నిలబడింది. మాంసం కొట్టు పెరిక్లిస్ భార్య. ఎర్రబడిన మొహంతో, ఎప్పుడూ వినని చిన్న గొంతుతో అంది.

"నాదీ ముప్పావు గంటే."

టీచర్ కాస్త పక్కకి జరిగి, కౌంటర్ మీద ఆవిడ ట్రేకి చోటిచ్చింది. వాళ్ళ వెనక జనం వీధి దాటుతున్నారు. నేను ఆరో నంబరు బిళ్ళ తీసి వర్వారా చేతిలో పెట్టాను.