ఐసుపెట్టెలో పెట్టిన క్లియర్ డబ్బా

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం ఏమిటంటే, నేను తెలియక చేసిన పని వల్ల ఇంట్లో ఎవరికో ఒకరికి నష్టం జరుగుతుందని. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు చూస్తే తప్పు చదువుతానేమోనని దడ. పాప పుట్టి ఏడు నెలలయింది, ఆ దడ రెట్టింపయింది.

మాది మండవల్లి. మా మావయ్యగారు హనుమంతరావుగారు ముప్పై ఏళ్లు ఏలూరు, కైకలూరు మధ్య బస్సు నడిపి రిటైరయ్యారు. అందులో పదకొండేళ్లు ఆయన పక్కన కండక్టరుగా చేసిన మరియమ్మగారు ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఉంటున్నారు. ఆవిడ రిటైర్మెంటు సభ ఆదివారం. ఆ రోజుకి ఇవ్వాలని మావయ్యగారు తామిద్దరూ తిప్పిన ఎర్రబస్సుకి మూరెడు నమూనా చేశారు. ప్లాస్టిక్ షీటు కోసి, సీట్లు అంటించి, మెట్ల దగ్గర తుప్పు కూడా రంగుతో దిద్దారు. నాలుగు నెలల పని. పాత బస్సు తళతళలాడితే బాగుండదు కాబట్టి, పైన మ్యాట్ క్లియర్ అనే రంగూ మెరుపూ లేని పూత కొడితే అయిపోయినట్టే.

ఆ స్ప్రే డబ్బా వేడికి పేలుతుందేమోనని నా బెంగ. కూడబలుక్కుని చదివితే 'కూల్ ప్లేస్'లో ఉంచమని ఉంది. మా ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండేది మా ఆయన సాయికృష్ణ చేపలకి వాడే థర్మాకోల్ ఐసుపెట్టె. కవరు చుట్టి బొచ్చె చేపల మధ్య పెట్టేశాను. శుక్రవారం పొద్దున తీసి, తుడిచి, మావయ్యగారి బల్ల మీద ఉంచాను. ఆయన వసారాలో, బయట జల్లు పడుతుండగానే కొట్టారు.

పది నిమిషాల్లో ఎర్రబస్సు పాలు పోసినట్టు తెల్లబడింది. బోర్డు మీద ఊరిపేరు కూడా కనబడలేదు. మావయ్యగారు కొట్టువాడు నాసిరకం అంటగట్టాడని రెండు మాటలని, పాపని ఒళ్లోకి తీసుకున్నారు.

"ఒక దండ వేసి వచ్చేద్దాం లేమ్మా."

మిగిలిన డబ్బాని మళ్లీ ఐసుపెట్టెలోకే చేర్చాను.

ఏలూరులో బైకులకి రంగులు వేసే పర్వేజ్‌కి మా ఆయన ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. పర్వేజ్ మావయ్యగారి బస్సులోనే బడికెళ్లినవాడు. కంగారు వద్దన్నాడు. తేమలో కొడితే పూత అలా పాలిపోతుందట. ఎండ వచ్చాక మెరిసే క్లియర్ పల్చగా కొడితే తెలుపు కరుగుతుంది, అది ఆరాక మళ్లీ మ్యాట్ కొట్టుకోవచ్చు అని చెప్పాడు. చివర్లో అడిగాడు.

"డ్రైవరుగారూ, డబ్బా ఎక్కడుంచారండీ?"

"బల్ల మీదేనయ్యా."

"బల్ల మీదుంటే మరీ ఇంత తెల్లబడదండీ. డబ్బా బాగా చల్లబడితేనే ఇలా అవుతుంది."

నేను చెప్పకపోతే రెండో పూత కూడా ఇలాగే అవుతుంది. ఇక ఆదివారానికి బస్సు లేనట్టే.

"నేనేనండీ. చేపల్లో పెట్టాను."

ఏ చేపలమ్మా అని పర్వేజ్ అడిగితే బొచ్చెలని చెప్పాను. మా ఆయన నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నారు. మావయ్యగారు మాత్రం నా వైపే చూశారు.

"కొడుతుంటే నీచువాసన వచ్చింది. ముసలాడి ముక్కు పాడైందనుకున్నానే తల్లీ. బతికించావు."

డబ్బాని పొయ్యి దగ్గరికి పోనివ్వకుండా గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలుంచి, బాగా ఊపి కొట్టమన్నాడు పర్వేజ్. గోరువెచ్చన అంటే ఎంతో తండ్రీకొడుకులు తేల్చుకోలేకపోయారు. అది నాకు తెలుసన్నాను. రోజూ పాపకి నీళ్లు పోసేదాన్ని కదా.

శనివారం పదింటికి ఎండ కాసింది. బేసిన్లో నీళ్లు పోసి, మోచెయ్యి ముంచి చూసి, మ్యాట్ డబ్బానీ, మా ఆయన కొనుక్కొచ్చిన మెరిసే క్లియర్ డబ్బానీ దించాను. మావయ్యగారు మెరిసే క్లియర్ ముందు బస్సు అడుగున, కనబడని చోట కొట్టి చూశారు. తర్వాత పైన. చూస్తుండగానే తెలుపు విరిగి, ఎరుపు తేలింది. బోర్డు మీద 'కైకలూరు' చదవగలిగాను. మూడింటికి మ్యాట్ కొట్టేటప్పుడు ఆయన డబ్బా నా చేతికిచ్చి, డోరు వైపు నన్ను కొట్టమన్నారు. ఒక్క చుక్కా జారలేదు.

ఆదివారం మరియమ్మగారు ఆ బస్సుని ఒళ్లో పెట్టుకుని సీట్లన్నీ వేలితో లెక్కపెట్టారు. ఒక్కటీ తగ్గలేదన్నారు. ఎవరినీ దాన్ని ముట్టుకోనివ్వలేదు.

ఆవిడ ఒక్కరే ఉంటారు. ఇప్పటికీ తెల్లవారి నాలుగింటికే లేచి, చీర కట్టుకుని, ఎక్కడికి వెళ్లాలో తోచక బస్సు ముందు కూర్చుంటున్నానని మొన్న ఫోన్లో నవ్వుతూ చెప్పారు. నేను నవ్వలేకపోయాను. మీలో ఎవరైనా తాడేపల్లిగూడెం వెళ్తే, స్టేషను వెనక వీధిలో కండక్టరు మరియమ్మగారిల్లు అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. ఒక్కసారి లోపలికి వెళ్లి, ఆవిడ టిఫిన్ తిన్నారో లేదో కనుక్కోండి.