థింసా వరసలో ఖాళీ

పొయ్యి రాజెయ్యాలి. కుళాయి దగ్గర జనం చేరకముందే నీళ్ళు పట్టాలి. చోడి అంబలి కాయాలి. నిన్న కోసిన కాఫీ పళ్ళు వాకిట్లో ఎండకు పరవాలి. మేకల్ని విప్పాలి. టూరిస్టుల జీపు తోలే మా ఆయన ఫల్గుణకు క్యారేజీ కట్టాలి. ఆ తరవాత కొండ దిగి బడికి చేరాలి.

ఇంట్లో తగువంతా ఈ చివరి పని గురించే. మా పేటలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. పక్క ఊరి బడిలో చిన్నపిల్లలకు చదవడం, రాయడం నేర్పుతాను. ఎక్కడెక్కడి కథలో తీసుకొచ్చి, మా కొండల్లో జరిగినట్టు మార్చి చెబుతాను. పిల్లలు వాటిని తమకు తోచినట్టు తిరిగి రాస్తారు.

"కతలు సెప్పడానికి డిగ్రీ ఏటికే? మాయమ్మ కునుకుతూనే సెప్పీసేది," అంటుంది అత్త ముత్యాలమ్మ.

ఆ ఉదయం ఫల్గుణ జీపు తుడుస్తూ, "కోతలకి మనుషులు దొరకట్లేదు హేమా. సోమారం నుంచి బడి మానీ. సాయంత్రానికి ఏ మాటో సెప్పు," అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. ఆ బకెట్టు ఇటివ్వు అన్నంత తేలిగ్గా అన్నాడు. కొండ దిగుతున్నంతసేపూ నా మనసు అప్పుడే సర్దుకోవడం మొదలుపెట్టింది: ఒక్క సీజనే కదా, తోట మనదే కదా. నాకు తెలియకుండానే ఎంత బేగి ఒప్పేసుకుంటానో చూసి నాకే భయం వేసింది.

ఆ రోజు కథ బూడిదలో పడుకునే పిల్లది. ఇంటి చాకిరీ అంతా ఆమెదే. రాజుగారింట్లో నాట్యాన్ని నేను ఊరి థింసా చేశాను. ఆమె దొంగచాటుగా వెళ్ళి ఆడింది, తిరిగి పరిగెత్తేటప్పుడు చెప్పు జారిపోయింది, అది పట్టుకుని రాజుగారబ్బాయి ఆమెను వెతికాడు అన్నాను.

పిల్లలు ఘొల్లుమన్నారు. "టీచరూ, థింసాకి సెప్పులేసుకుని ఎవులెల్తారు?"

నిజమే. అందరూ ఉత్తికాళ్ళతోనే ఆడతారు. "అయితే ఆమెని ఎలా కనుక్కుంటారు? మీరే రాయండి," అన్నాను.

తమ్ముణ్ణి వీపున కట్టుకుని బడికొచ్చే రత్న చాలాసేపు తల ఎత్తలేదు. తరవాత వచ్చి, వేలు పెట్టుకుని చదివింది. "థింసాలో ఒకల నడుం సుట్టూ ఒకలు సెయ్యేసి ఆడతారు. ఆ ఆడగుంట ఎల్లిపోతే వరసలో కాళీ వచ్చింది. పక్కనున్న ఆడోళ్ళకి తెలిసిపోయింది. అందరూ ఎతుకుతా ఎల్లారు. ఆ గుంట గిన్నెలు తోముతంది. అందరూ కూకుని తోమీసినారు. మళ్ళీ ఆడ్డానికి తీసికెల్లిపోయినారు."

"మరి రాజుగారబ్బాయి?" అన్నాను.

"ఆడు డప్పు కొట్టుకుంటన్నాడు టీచరూ. ఆడికేటి తెలుత్తాది?"

సాయంత్రం ఫల్గుణ అడిగాడు. "బడి మానను. ఆదివారం కోతకొస్తాను. రాత్రి గిన్నెలు మాత్రం నువ్వు తోమాలి," అన్నాను.

"టూరిస్టులు సూత్తే పొటోలు తీత్తారే!" అన్నాడు. నేను నవ్వలేదు. అతను లుంగీ ఎగగట్టి, గిన్నెలు తీసుకుని కుళాయి వైపు నడిచాడు.

అత్త కోప్పడుతుందనుకున్నాను. "ఏటి కత సెప్పినావే ఇయాల?" అంది. రత్న రాసింది చదివి వినిపించాను. అంబలి గిన్నె పక్కన పెట్టేసి, ఎడమ చెయ్యి గాల్లోకి చాచి చూసుకుంది.

"ఈ పక్కన గురుబారి ఆడేది. నా ఈడుదే. మనువాడేక మరి రానేదు. మేం దగ్గిరికి జరిగి ఆడీసినాం," అంది. గిన్నె మళ్ళీ అందుకుంటూ, "ఎల్లు, నువ్వు బడికెల్లు," అంది.

రేపు పిల్లలచేత బోర్డు మీద మొదట ఆ పేరే రాయిస్తాను. ఆమెను నేనూ పిల్లలూ చూడలేదు, మీరూ చూడలేదు. అయినా గుర్తుపెట్టుకోండి: గురుబారి, మా అత్తకు ఎడమ పక్కన ఆడేది.