మూడు డెసిబెల్లు

ఆఫీసులో అందరూ ఆమెను లెక్కల మేడం అనేవారు. వెక్కిరింతగా మొదలైన పేరే, ఆరేళ్ళలో ఖాయమైపోయింది. ఒక యాంటెన్నా నుంచి బయల్దేరిన శక్తిలో అవతలి యాంటెన్నాకు ఎంత చేరాలో ముందుగా లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. డిష్షు ఆ శక్తిని టార్చిలైటు వెలుగులా ఒకే దిక్కుకు కూడగట్టి పంపుతుంది. అయినా ముప్పై ఒక్క కిలోమీటర్లు దాటేసరికి అది పలచబడిపోయి, లక్షల వంతుల్లో ఒక్క వంతు మాత్రమే చేరుతుంది. ఆ ఒక్క వంతూ ఎంతుండాలో ఆమె కాగితం మీద చెప్పేది. మీటరు దాదాపు అదే చూపించేది.

ఆ సోమవారం పొద్దున, గని ఫోన్లు మోసే కొండ లింకు మాత్రం మాట వినలేదు. మూడు డెసిబెల్లు తక్కువ. అంటే రావలసిన శక్తిలో సరిగ్గా సగం.

“వానలు కదమ్మా” అన్నాడు పెద్దసారు, ఫైల్లోంచి తలెత్తకుండానే.

“వాన ఆగి రెండు రోజులైంది సార్. వానైతే పడ్డప్పుడు తగ్గి, వెలిశాక మామూలుకు రావాలి. ఇది మూడు వారాల నుంచి రోజూ కొంచెం కొంచెంగా దిగుతోంది.”

“అయితే కేబుల్లోకి నీళ్ళు పోయుంటాయి.”

“ఉండొచ్చు సార్, చూస్తాను” అని ఆమె తన బల్ల దగ్గరికి వచ్చింది. ఆ కొండ పేరెత్తితే ఆమెకు ముందు గుర్తొచ్చేది లింకు కాదు. కొండ నెత్తిన టవరుంటే, కొండ కింద గని పనివాళ్ళ క్వార్టర్ల వీధి ఉంది. నలభై ఇళ్ళు. అందులో పదమూడో ఇంట్లో ఆమె అక్క కాపురం. బావ గనిలో షిఫ్టుకు పోతే, అక్క వీధి గదిలో కుట్టుమిషను పెట్టుకుని యూనిఫారాలు కుట్టేది. ఆ ఎండాకాలంలోనే రోడ్డు వెడల్పు చేయడానికి వీధి వెనక కొండ పాదాన్ని నిలువునా కోశారు.

మధ్యాహ్నానికల్లా కేబుల్ తప్పు కాదని తేలింది. పంపే పెట్టె నీరసించిందనుకుంటే, కొండ నుంచి ఇటు వచ్చే శక్తి మాత్రమే తగ్గాలి. ఇటు నుంచి అటు పోయేది కూడా అంతే తగ్గింది. రెండు వైపులా సమానంగా తగ్గిందంటే డిష్షుల చూపులు కలవడం లేదన్నమాట. ఆఫీసు మేడ మీది డిష్షును ఆమె స్వయంగా ఎక్కి చూసింది. అది పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. ఇక తేడా అంతా కొండ మీదే. మూడు డెసిబెల్లకు ఎంత కోణమో లెక్క వేస్తే పాయింట్ ఆరు డిగ్రీలు వచ్చింది. బోల్టు వదులైతే ఆ మాత్రం వాలడం వింతేమీ కాదు.

ఆ టవరు మీదే ఇంకో డిష్షుంది. అది మొదటిదానికి అడ్డంగా, పక్క పట్నం వైపు చూస్తుంది. దాని సిగ్నలు నిండుగా ఉంది గనక ఎవరూ దాని జోలికి పోలేదు. ఆమె ఊరికే అనుమానం తీర్చుకోవడానికి దాని రీడింగులు తెప్పించింది. ఆ లింకులో తరంగాలు నిలువుగా నిలబడి ప్రయాణిస్తాయి. టవరు పక్కకు ఒరిగితే అవీ ఒరుగుతాయి, కొంత శక్తి అడ్డం వైపు కారుతుంది. ఆ కారడం చాలా కొద్దిగా, కానీ తప్పకుండా కనిపించింది. దాని ప్రకారం టవరు ఒరిగింది పాయింట్ ఆరు కాదు. దాదాపు రెండు డిగ్రీలు.

ఒకే టవరు రెండు రకాలుగా ఎలా ఒరుగుతుంది? ఆమె మళ్ళీ లెక్క వేసింది. అదే వచ్చింది. మరమ్మతుల రిజిస్టరు తెప్పించి, టవర్లెక్కే మనిషిని పిలిపించింది.

అతన్ని గాలిపటం అంటారు. గాలి వీచే రోజున మిగతావాళ్ళు వంకలు వెతుక్కుంటే అతను హుషారుగా పైకి పాకేవాడు. ఆమెకన్నా పదేళ్ళు పెద్ద కాబట్టి ఆమె మర్యాదగా గాలిపటంగారూ అనేది. ఆ పిలుపుకు ఆఫీసంతా నవ్వేది, అతనితో సహా.

“కొండ మీది డిష్షును ఎప్పుడైనా తిప్పారా?”

“రెండుసార్లు తిప్పాను మేడం. చూపు తప్పిందన్నారు, తిప్పాను. సిగ్నలొచ్చింది, సంతకం పెట్టి వచ్చేశాను. ఏం, తప్పా?”

రిజిస్టరులో తేదీలున్నాయి. టవరు కట్టాక మొదటిసారి చూపు తప్పడానికి ఏడు నెలలు పట్టింది. రెండోసారికి పది వారాలు. ఇప్పుడు మూడోసారికి మూడు వారాలు. ప్రతిసారీ డిష్షును సరిచేసి, ఒరుగుతున్న సంగతిని తమ చేతులతో తామే చెరిపేశారు. ఎవరూ ముట్టుకోని రెండో డిష్షు ఒక్కటే మొత్తం గుర్తుపెట్టుకుంది.

మర్నాడు గాలిపటం, టవరు నిటారుగా ఉందో లేదో చూడటానికి, దారానికి గుండు కట్టుకుని కొండెక్కాడు. పదకొండింటికి ఫోను చేశాడు.

“టవరు శుభ్రంగా ఉంది మేడం. బోల్టులు బిగువుగా ఉన్నాయి. కాంక్రీటు దిమ్మె మీద వెంట్రుకంత పగులు లేదు.”

“మరి గుండు?”

“గుండు పక్కకే పోతోంది. దిమ్మెతో సహా నేలే ఒరిగింది. టవరు వెనకాల గడ్డిలో ఒక చీలిక ఉంది మేడం. చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది. లోపలింకా ఉంది.”

ఆమె ఆ సాయంత్రమే కాగితం రాసి పెద్దసారు ముందు పెట్టింది. ఆయన చెడ్డవాడు కాదు. రెండుసార్లు చదివాడు, పై ఆఫీసుకు పంపాడు. వచ్చే సోమవారం తనిఖీకి వస్తామని బుధవారం జవాబొచ్చింది.

“అప్పటిదాకా డిష్షును ఎవరూ ముట్టుకోకూడదు సార్. కొండ కదలిక చూడటానికి మనకున్న కన్ను అదొక్కటే.”

“సరేనమ్మా.”

అక్కకు ఫోను చేస్తే ఆమె నవ్వింది. “మొన్నటి నుంచి వీధి తలుపు పట్టేస్తోంది, భుజంతో తోయాల్సొస్తోంది. వానకు చెక్క ఉబ్బిందిలే. అంతకన్నా ఏం లేదు.”

“అక్కా, నా మాట విని నాలుగు రోజులు ఇక్కడికి రా.”

“శనివారానికి అరవై చొక్కాలు ఇవ్వాలే తల్లీ. కొండ ఇప్పుడు పుట్టిందా? నీ లెక్కలు నువ్వు చూసుకో.”

శనివారం తొమ్మిదిన్నరకు ఆమె ఆఫీసులో అడుగుపెట్టేసరికి కొండ లింకు నిండుగా వెలుగుతోంది. ఒక్క డెసిబెల్ కూడా తక్కువ లేదు. కుర్రాళ్ళు టీ తాగుతూ, “మేడం, మీ కొండ మనసు మార్చుకుంది” అన్నారు.

ఆమె నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది. “డిష్షును ఎవరు తిప్పారు?”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “గని వాళ్ళు రాత్రి నుంచి ఒకటే గొడవ. ఫోన్లు కలవడం లేదని నా ప్రాణం తీశారు. తెల్లారగానే గాలిపటాన్ని నేనే పంపాను. ఇంకా రెండు రోజులేగా.”

ఆమె వచ్చి తెర ముందు కూర్చుంది. పదింటికి పాయింట్ రెండు డెసిబెల్లు తగ్గింది. పదకొండింటికి ఒకటి దాటింది. పన్నెండు కావస్తుండగా రెండు. ఒంటిగంటకు పది నిమిషాలుండగా మూడు. మొదట్లో ఏడు నెలల్లో ఒరిగినంతా ఇప్పుడు ఒక్క పూటలో ఒరిగింది.

“పోలీసులకు చెప్పండి సార్, అంబులెన్సులు పంపమనండి” అని అరుస్తూ ఆమె గాలిపటానికి ఫోను చేసింది. అతనింకా పైనే ఉన్నాడు, అన్నం డబ్బా విప్పుకుని.

“అన్నీ వదిలేసి దిగండి. వెనకవైపు దారిన దిగండి, వీధి వైపు వద్దు. కొండ వీధి మీదికే వస్తుంది.”

“ఎంత టైముంది మేడం?”

“తెలీదు. గంట ఉండొచ్చు. లేకపోవచ్చు.”

“మీ అక్కావాళ్ళు ఇటేగా ఉండేది.”

“నేను ఫోను చేస్తాను. మీరు వెనకవైపు దిగండి, దండం పెడతాను.”

“నలభై ఇళ్ళకూ మీరు ఫోను చేస్తారా?” అన్నాడు. డబ్బా మూత పడిన చప్పుడు, ఆ వెంటే పరుగు చప్పుడు.

తర్వాత జరిగింది అక్క చెప్పింది. చెల్లెలి గొంతు విన్నాక అక్క ఈసారి నవ్వలేదు. కత్తెర చేతిలో ఉండగానే బయటికి వచ్చింది. అప్పటికే వీధి మొదట్లో ఒక మనిషి మోకాళ్ళు చెక్కుకుపోయి, తలుపుతలుపునా రాయితో బాదుతున్నాడు. “కొండ వస్తోంది, బయటికి రండి” అని అరుస్తున్నాడు. ఎవరో తాగుబోతనుకుని తిట్టారు. అక్క వెళ్ళి ఆ తిట్టినావిడను జుట్టుపట్టి ఈడ్చింది. తలుపులు బిగుసుకుపోయి రాకపోతే అతను కాలితో తన్ని తెరిచాడు. జనం పిల్లల్ని చంకనేసుకుని గని గేటు వైపు పరుగెత్తారు. చివరింట్లో మంచం దిగలేని ముసలాయన ఉన్నాడని ఎవరో అంటే, అతను వెనక్కి తిరిగాడు.

ఒకటీ ముప్పై ఏడుకు ఆఫీసులో తెర మీద అంకె పోయింది. తగ్గి పోలేదు. ఉన్నట్టుండి పోయింది. రెండో లింకూ అదే క్షణాన పోయింది. కుర్రాళ్ళు ఆమె వైపు చూశారు. పెద్దసారు గుమ్మంలో నిలబడి మళ్ళీ పోలీసులకు ఫోను కలుపుతున్నాడు.

నలభై ఇళ్ళలో ముప్పై నాలుగు మట్టి కింద పడ్డాయి. నూట అరవై మంది బతికారు. మూడో రోజున గాలిపటాన్నీ ముసలాయన్నీ ఒకేచోట తీశారు. ముసలాయన అతని వీపు మీదే ఉన్నాడు.

విచారణకు వచ్చిన అధికారి ఆమెను ఒక్కటే పదేపదే అడిగాడు. “మీకు ఎప్పట్నుంచి తెలుసు?” ఆమె తేదీలన్నీ చెప్పింది. డిష్షు తిప్పించింది ఎవరని అడిగితే, ఆమె నోరు తెరిచేలోపు పెద్దసారే లేచి, “నేను” అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆఫీసుకు రాలేదు.

నెల తిరక్కముందే గనికి మళ్ళీ లింకు కావలసి వచ్చింది. పక్క కొండ మీద కొత్త టవరుకు లెక్క కట్టమని కాగితం వచ్చింది. దూరం, ఎత్తు, డిష్షు సైజు అన్నీ అందులో రాసే ఉన్నాయి. అరగంట పని. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది, మర్నాడు పొద్దున ఇంటినుంచే బయల్దేరింది.

“ఎక్కడికే?” అంది అక్క. ఇల్లు పోయాక అక్కాబావా చెల్లెలి దగ్గరే ఉంటున్నారు.

“ఆ కొండ కింద ఎవరుంటున్నారో చూసొస్తాను.”

అక్క చెప్పులు వేసుకుని వెంట బయల్దేరింది. బస్సు కొండ మలుపు తిరిగేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. కింద, కొత్తగా వేసిన రేకుల ఇళ్ళు వరసగా కనిపించాయి. వీధి పోగొట్టుకున్నవాళ్ళకు గని వాళ్ళు అక్కడే జాగా చూపించారు.