అరగని అణా

హలో, వినబడుతోందా అందరికీ? ఆ, టీ గ్లాసులు పట్టుకుని కూర్చోండి. చిన్న కథే.

గుంటూరులో కుట్టుమిషన్లు బాగుచేసే కోటిలింగానికి పాత అణాల మీద రాజు బొమ్మ కనపడదు. ఆ చోట వాళ్ళమ్మ ఉంటుంది. అతనికి మూడేళ్ళప్పుడు పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. ఆమె మొహం చూడాలంటే పట్నం బజారులో జలీల్ భాయ్ పాత నాణేల కొట్టే దిక్కు.

గోనెపట్టా మీద కుప్పపోసినవి ఇరవై రూపాయలకొకటి. అన్నీ అరిగినవే. ఒకదాని మీద చెవికమ్మ మిగిలి ఉంటుంది, ఒకదాని మీద గడ్డం, ఇంకోదాని మీద సగం ముక్కుపుడక. కోటిలింగం ప్రతి ఆదివారం రెండు కొంటాడు. ఇంటికెళ్ళి పక్కపక్కన పేరుస్తాడు. మొహం మాత్రం కుదరదు.

అసలు మొహం అద్దాల బీరువాలో ఉంది. ఒక్క చెయ్యీ తగలని అణా, ప్లాస్టిక్ కవర్లో. ఆరు వేలు. కోటిలింగం అరిగిన నాణెం కొన్నప్పుడల్లా ఆ బీరువా గోడ మీద కాస్త పైకి పోతుంది. ఇప్పుడు కప్పుకి తగులుతోంది.

"ఈ చిల్లర ఏరుకోవడం ఆపవయ్యా," అంటాడు జలీల్ భాయ్ మెడ ఎత్తి చూస్తూ. "ఇంకో రెండు కొన్నావంటే నా బీరువా మేడమీదోళ్ళింట్లో తేలుద్ది. ఆళ్ళు అద్దె అడుగుతారు."

"ఇందులో కమ్మ ఉంది భాయ్."

"కమ్మలు ఇరవై ఉన్నయ్ నీ దగ్గర. మీ అమ్మకి ఎన్ని చెవులు?"

కోటిలింగం ఆలోచించి, రెండే అని ఒప్పుకుంటాడు.

ఆ వారం నుంచి నలభై రూపాయలూ పాలడబ్బాలో వేస్తాడు. బీరువా వారానికో అరంగుళం దిగుతుంది. మూడేళ్ళకి చేతికందుతుంది.

"అంచులు పట్టుకో," అంటాడు జలీల్ భాయ్. "మొహం మీద వేలు పడిందా, ఇరవై రూపాయల కుప్పలోకే."

ఇంట్లో కవరు విప్పుతాడు. అమ్మ పూర్తిగా ఉంది. కనుబొమల మధ్య చిన్న మచ్చ, పైపెదవి మీద వంపు. ఆమె అతన్ని మర్యాదగా చూస్తుంది.

"ఎవరు బాబూ మీరు?"

"నేనమ్మా, కోటిని."

"నన్నెవరూ ముట్టుకోలేదండీ. నాకెవరూ తెలీదు."

కోటిలింగం అరిగిన అణా ఒకటి చేతిలోకి తీసుకుంటాడు. అప్పుడే ఎవరి నడుం దగ్గర నుంచో తీసినట్టు వెచ్చగా ఉంది. దాన్ని కింద పెట్టి, కొత్తదాని మీద బొటనవేలు ఆనించి రుద్దుతాడు.

ముందు జుట్టు పోతుంది. "కోటిలింగం గారా?" అంటుంది.

మచ్చ పోతుంది. "కోటీ?"

"ఆ, అమ్మా."

"ఇంకాస్త రుద్దితే నేను కనపడనురా."

"తెలుసమ్మా."

రుద్దుతాడు. అణా నున్నగా అయిపోతుంది.

"ఎంత చిక్కిపోయావురా నాన్నా. తిన్నావా?"

గది గోడలు నేతచీరలా మెత్తబడతాయి. నాలుగు మూలలూ పైకి లేచి ఒకచోట చేరి ముడిపడతాయి. లోపల తమలపాకు వాసన. కోటిలింగం అణాల మధ్య ముడుచుకుని పడుకుంటాడు, గుండ్రంగా. కొంగు ఊగుతుంది. ఆమె బజారుకి నడుస్తోంది.

"ఏం కావాలమ్మా?" అంటున్నాడెవరో కొట్టువాడు.

ముడి మీద ఆమె వేళ్ళు పడతాయి.

అంతేనండీ. ఈ వాయిస్ మెసేజిని ఫోన్లో దాచిపెట్టుకోకండి. ఇంకొకళ్ళకి పంపండి, వాళ్ళని ఇంకొకళ్ళకి పంపమనండి. నాలుగు చేతులు మారి కాస్త అరగనివ్వండి.